శుక్లం పండాలట!

గుంటూరు,
2 ఫిబ్రవరి 2025

అక్కకి వందనాలు.

ఫోన్ పక్కన పెట్టి కాగితం ఎందుకు తీశానో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు. ఫోన్లో "కళ్ళెలా ఉన్నాయక్కా?" అని అడిగితే "దివ్యంగా ఉన్నాయిరా" అంటావు. ఫోన్లో అందరి కళ్ళూ దివ్యంగానే ఉంటాయి. పోయిన వారం మీ ఏసుబాబు పనిమీద గుంటూరు వచ్చి మా ఇంట్లో భోంచేస్తూ అసలు సంగతి చెప్పాడు. నువ్వు టీ గ్లాసులో పోయబోయి గ్లాసు పక్కన పోశావట. ఇదేంటమ్మా అంటే "గ్లాసు జరిగింది" అన్నావట. అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, గ్లాసులు వాటంతట అవి జరుగుతాయా అక్కా?

కన్నకొడుకు మాట వినవు, తోడబుట్టినవాడి మాట వినవు. అందుకని ఒక పద్ధతి ఆలోచించాను. పదిహేను రోజులకొకసారి నాకు ఉత్తరం రాయి. నీ చేత్తో, ఎవరి సాయమూ లేకుండా. ముప్పై ఆరేళ్ళు పోస్టాఫీసులో చేశాను. చేతిరాత చూస్తే రాసినవాడికి జ్వరమొచ్చిందో, తాగి రాశాడో, ఏడుస్తూ రాశాడో చెప్పగలను. నీ రాత చూసి నీ కళ్ళ సంగతి నేనే తేల్చుకుంటాను.

ఇక్కడ కంటాసుపత్రిలో ఈ నెల ఇరవై ఐదుకి నీ పేరు రాయించాను. నేనే వచ్చి తీసుకొచ్చేవాణ్ణి గానీ, కుడి మోకాలు కొంచెం పట్టేసింది. ఎండలు ముదిరితే అదే సర్దుకుంటుంది.

కవర్లూ స్టాంపులూ ఇందులోనే పెట్టాను. లేవని తప్పించుకోవడానికి వీల్లేదు.

నీ తమ్ముడు,
జయరావు


పర్చూరు,
9 ఫిబ్రవరి

ఒరేయ్ జయా,

నేను బాగున్నా. నా కళ్ళూ బాగున్నాయి. నాకు పరీక్ష పెడతావంట్రా నువ్వు? నీ చెయ్యి పట్టుకుని పలకమీద అ ఆలు దిద్దించింది ఎవరో మర్చిపోయావా? పోస్టుమాస్టరు ఉద్యోగం దిగి ఆరేళ్ళయినా అధికారం దిగలేదు నీకు.

ఇది ఏ నెల? కల్లాల నిండా ఎర్రగా కాయ పోసి ఉంది. వెంకటనారాయణ గారి కల్లంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళం పొద్దున ఏడింటికి కూర్చుంటే చీకటిపడే ముందు లేస్తాం. తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఒక పక్కకి ఏరాలి. ముఠాకి నేను మేస్త్రిని. నేను ఆసుపత్రులు పట్టుకుని తిరిగితే ఇక్కడ ఎవరు చూస్తారు? పొద్దస్తమానం మిరపకాయ ఘాటులో కూర్చునేదానికి కళ్ళు మసకబారక మల్లెపూలు పూస్తాయా? ఏటా ఉండేదే. కాయ సీజను అయిపోతే అదే తగ్గుద్ది. పడుకునేటప్పుడు నందివర్ధనం పూలు కళ్ళమీద వేసుకుంటున్నా, చల్లగా ఉంటంది.

అయినా నేను చూపించుకోలేదా? మన ఊళ్ళో సూదులేసే డాక్టరు టార్చిలైటు వేసి చూశాడు. "శుక్లం పడింది రెబ్కమ్మా, ఇంకా పండలేదు, పండినాక తీయిద్దాం" అన్నాడు. ఆయన చెప్పింది నాకు అర్థమయింది, నీకే అర్థం కాదు. నలభై ఏళ్ళుగా కాయ చూస్తున్నా. పచ్చికాయ తొందరపడి కోసి కల్లంలో పోస్తే అది ఎండినా ఎర్రబడదు, తాలైపోద్ది. కాయయినా కన్నయినా అంతే, చెట్టుమీద పండనివ్వాలి.

మోకాలు కొంచెం పట్టేసిందా? నా మరదలు ఫోన్లో అంతా చెప్పింది. మంచం దిగి గోడ పట్టుకుని బాత్రూముకి పోవటానికి పావుగంట పడతందంట. డాక్టరు కర్ర పట్టుకోమంటే కర్ర అటక మీదికి విసిరావంట. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా? ముందు నువ్వు కర్ర పట్టుకో. ఆ తర్వాత నా కళ్ళ సంగతి మాట్లాడు.

ఇరవై ఐదుకి నేను రాను.

మీ అక్క
రెబ్కా


గుంటూరు,
14 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం అందింది. అది నీ గొప్ప కాదు. పిన్‌కోడు అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. స్టాంపు తలకిందులుగా అంటించావు. నా దగ్గర పనిచేసిన కోటేష్ ఇప్పటికీ ఈ బీటులోనే ఉన్నాడు కాబట్టి పేరు పట్టుకుని తెచ్చిచ్చాడు.

ఇక పరీక్ష ఫలితం విను. మొదటి నాలుగు లైన్లు ఫరవాలేదు. ఐదో లైను ఆరో లైను మీద పడుకుంది. ఎడమవైపు అరచెయ్యంత ఖాళీ వదిలి కాగితం మధ్యనుంచి మొదలుపెట్టావు, అటు కాగితమే లేదన్నట్టు. "చెట్టుమీద పండనివ్వాలి" అన్నచోట ఆఖరి అక్షరాలు కాగితం దాటిపోయాయి. మీ ఇంట్లో బల్ల తుడిచేటప్పుడు చూసుకో, అక్కడే ఉంటాయి.

శుక్లం మిరపకాయ కాదు అక్కా! నీకు దణ్ణం పెడతాను. ఈ రోజుల్లో పండేదాకా ఎవరూ ఆగక్కర్లేదని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. అసలు అది శుక్లమో ఇంకోటో చూస్తేగానీ చెప్పలేనంది. టార్చిలైటు వేసి కన్ను చూసేవాడు డాక్టరైతే, ఊళ్ళో మోటారు షెడ్డు దగ్గర పడుకునే ప్రతివాడూ డాక్టరే.

నా మోకాలి సంగతి వేరు. నాది ఒట్టి వాతం. కర్ర అని డాక్టరు ఏదో అలవాటు కొద్దీ అన్నాడు. ఒకసారి కర్ర పట్టుకుని వీధిలోకి వెళితే ఇక జన్మంతా కర్ర జయరావునే అవుతాను. నీ మరదలికి నోట్లో నువ్వుగింజ నానదు.

ఇరవై ఐదు. మర్చిపోకు. ఏసుబాబుని సెలవు పెట్టమని చెప్పాను.

జయరావు


పర్చూరు,
3 మార్చి

తమ్ముడు జయకి,

ఇరవై ఐదుకి రాలేదని మొహం గంటు పెట్టుకుని ఉంటావు. ఏసుబాబు వచ్చేసరికి నేను కల్లానికి పోయా. పని వదిలి రానన్నా. వాడు అరిచి అరిచి మళ్ళీ తన పనికి మార్టూరు బస్సెక్కాడు.

నువ్వు ఇప్పుడు ఈ ఉత్తరం చూడు. ఒక్క లైను తప్పిందేమో చూడు. ఎడమ పక్కన ఎంత వదలాలో అంతే వదిలానా లేదా? స్టాంపు నిలువుగా ఉందా లేదా? నేను చెప్పలేదా, నందివర్ధనం పూలు పని చేస్తాయని. మసక విడిపోతోంది. ఇంకో నెలకి పూర్తిగా తగ్గిపోద్ది. ఆసుపత్రి వాళ్ళకి చెప్పు, రెబ్కా రాదని.

ఇక్కడ నా తల వేడెక్కిపోయింది. వెంకటనారాయణ గారి కాయ గోతాలకెత్తి మిర్చి యార్డుకి తోలితే మూడు టిక్కీలు వెనక్కి పంపారు. ఎర్రకాయలో తాలు కలిసిందంట. నా ముఠాలో ఇట్టాంటిది ఎన్నడైనా జరిగిందా? ఆయన బండి దిగుతూనే "ఏంది రెబ్కమ్మా ఇది, కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అన్నాడు. నలభై ఏళ్ళలో ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. అది మా ముఠాలో పిల్ల షారోన్ కూర్చున్న వరసలో జరిగిన తప్పు. అందరి ముందూ దానికి గట్టిగా చీవాట్లు పెట్టా. నోరెత్తలేదు. తప్పు చేసినోళ్ళు ఎట్టా ఎత్తుతారు?

మోకాలికి వావిలాకు కాపడం పెట్టుకో.

మీ అక్క
రెబ్కా


గుంటూరు,
10 మార్చి

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెద్దగా చదివి నీ మరదలికి కూడా వినిపించాను. ఎంత బాగుంది! అక్షరం అక్షరం ముత్యంలా నిలబడింది. పోయిన నెల ఉత్తరం రాసిన చెయ్యేనా ఇది అనిపించింది. సరే, ఓడిపోయానని రాసిస్తున్నాను, దాచుకో. నందివర్ధనం పూలకీ, నీ మొండితనానికీ నా వందనాలు.

ఈ నెల పద్దెనిమిదికి మళ్ళీ రాయించిన నీ పేరు ఫోన్ చేసి తీయించేశాను. ఏసుబాబుకి కూడా చెప్పాను, "మీ అమ్మ రాత కుదురుకుందిరా, ఇక ఆవిణ్ణి విసిగించకు" అని. వాడు ఏదో అనబోయాడు. నేను వినలేదు.

నీ మరదలు మాత్రం కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది వదిన రాతేనా?" అంది. దానికి అన్నీ అనుమానాలే. "ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలు చూసింది నువ్వా నేనా?" అని నోరు మూయించాను.

వావిలాకు కాపడం పెడుతున్నాను. నిన్న గోడ పట్టుకోకుండా ఆరడుగులు వేశాను. ఏడోది వేస్తుంటే మంచం అందింది. వచ్చే నెలకి నేనే బస్సెక్కి నీ దగ్గరికి వస్తాను చూడు.

ప్రేమతో,
జయరావు


పర్చూరు,
5 ఏప్రిల్

తమ్ముడు జయకి,

నీ మోకాలు బాగుపడుతున్నందుకు దేవునికి స్తోత్రం. నా కళ్ళు కూడా అంతే. మొన్న ఆదివారం చర్చిలో కీర్తన నేనే చదివా. పాస్టరుగారు మెచ్చుకున్నారు. ఈస్టరుకి మీరిద్దరూ ఇక్కడికే రండి, కోడి కోస్తా.

కల్లంలో పని ఇంకో మూడు వారాలుంది. మళ్ళీ రెండు టిక్కీలు వెనక్కొచ్చాయి. ఈ ఆడవాళ్ళకి శ్రద్ధ లేదు, ఒకటే కబుర్లు. వెంకటనారాయణ గారు వచ్చే ఏడు వేరే మేస్త్రిని చూసుకుంటానని ఎవరితోనో అన్నాడంట. అననీ. నేను లేకపోతే ఆయన కాయ ఎవరేరుతారో చూస్తా.

మీ అక్క
రెబ్కా

జయరావు బాబాయిగారికి షారోన్ వందనాలు. ఇది అత్తకి తెలియకుండా కింద రాస్తున్నాను. కవరు నేనే అంటిస్తాను కాబట్టి చూడదు. చూసినా చదవలేదు బాబాయిగారూ.

పోయిన ఉత్తరం, ఇదీ రాసింది నేను. అత్త చెబుతుంటే రాశాను. "మా తమ్ముడు ఊరికే కంగారుపడతాడు, నీ చేతిరాత బాగుంటంది, రెండు ముక్కలు రాసిపెట్టవే" అంది. షారోన్ వరసలో తాలు కలిసిందని కూడా నా చేత్తోనే రాయించింది. నా వరస తాలు కాదది. నేను ఏరినవి ఆఖర్న అత్త ఒకసారి చూసి కుప్ప మారుస్తుంది. ఆ చూడటంలోనే కలుస్తున్నాయి. ముఠాలో అందరికీ తెలుసు. ఎవరికీ నోరు రావటం లేదు, మా అందరికీ పని నేర్పింది ఆవిడే.

నేను పక్కన నిలబడితే అత్తకి కనపడను. సరిగ్గా ఎదురుగా వస్తేనే "ఎప్పుడొచ్చావే?" అంటుంది. మొన్న కల్లంలో పట్టా కట్టిన తాడు చూసుకోక బోర్లా పడింది. చర్చిలో కీర్తన చదివిందంటే పుస్తకం తెరిచిందిగానీ చదవలేదు, నోటికొచ్చిందే చెప్పింది. మీరు ఆసుపత్రి వద్దన్నారని మీ ఉత్తరం అందరికీ చూపించి తిరుగుతోంది. తప్పయితే క్షమించండి.


గుంటూరు,
8 ఏప్రిల్

అక్కా,

ఈ ఉత్తరం ఏసుబాబు చదివి వినిపిస్తాడు. ఫోన్ ఎత్తటం లేదు నువ్వు, కాబట్టి వాడి చేతికే పంపుతున్నాను.

పదహారో తారీకు బుధవారం. పొద్దున ఆరింటికి వాడు ఆటో తెస్తాడు. కాయ, కల్లం, మేస్త్రి అని ఒక్క మాట మాట్లాడితే నేనే వస్తాను. పాక్కుంటూ అయినా వస్తాను. ఆ పిల్లని ఒక్క మాట అన్నావంటే ఈ జన్మకి నీ ఇంటి గడప తొక్కను.

నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి ఈ కాగితం చాలదు. నా మీద ఉన్నది రాయడానికి అసలే చాలదు.

జయ


పర్చూరు,
27 ఏప్రిల్

ఒరేయ్ జయా,

ఇది నేనే రాస్తున్నా. ఎట్టా ఉంటే అట్టా చదువుకో. రెండు రోజులు పట్టింది.

డాక్టరమ్మ చెప్పింది నీ పక్కన కూర్చునే విన్నా. ఇంటికొచ్చి పది రోజులయింది, అదే చెవుల్లో మోగతంది. శుక్లం కాదంట. నీటికాసులంట, గ్లకోమా అంది. పండేది కాదు, తీసేది కాదు. ఎడమ కన్ను అయిపోయింది. కుడికంట్లో మధ్యన కొంచెం మిగిలింది, అదన్నా నిలవాలంటే బతికినంత కాలం పొద్దున సాయంత్రం చుక్కలేసుకోవాలి. పోయింది మాత్రం రాదంది. ఎంత నెమ్మదిగా చెప్పింది ఆ మాట! కొంచెం ముందొస్తే ఇంకొంచెం మిగిలేదంది. నేను దేనికోసం ఆగానురా? లేని పండు కోసం చెట్టు కింద కూర్చున్నా.

కానీ ఒకటి అడుగుతా. అబద్ధం ఆడింది నేనే, నేను కాదనను. షారోన్ చేత రాయించింది నేనే. మరి నువ్వు? ముప్పై ఆరేళ్ళు రాతలు చూసినోడివి. నాది ఎడమచేతి వాటం. నా అక్షరం పుట్టినకాడినుంచీ ఎడమకి ఒరుగుద్ది, చిన్నప్పుడు అయ్యవారు అందుకే కదా నా వేళ్ళమీద కొట్టింది. షారోన్ అక్షరం నిటారుగా నిలబడుద్ది. నీకు తెలియలేదా? నా మరదలికి తెలిసిందే! ఆసుపత్రిలో అడుగుదామనుకున్నా. నువ్వు గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంటున్నావు. అడగబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక కోపం వస్తంది.

రెబ్కా


గుంటూరు,
3 మే

అక్కా,

తెలిసింది.

కవరు మీద అడ్రసు చూడగానే తెలిసింది. కవరు చింపకముందే. మన ఊళ్ళో నువ్వు వాకిట్లో ముగ్గు వేసినా ఎడమకి ఒరిగేది, నీ అక్షరం నాకు తెలియకపోవడమేమిటి? చూశాను. చూసి, ఈ మధ్య కుదురుగా కూర్చుని రాసిందేమో అనుకున్నాను. పెన్ను మారిందేమో అనుకున్నాను. చూపు బాగైతే రాత కూడా నిటారు అవుతుందేమో అనుకున్నాను. ఇలాంటి మాట ఇంకెవడైనా అంటే ముఖాన ఉమ్మేసేవాణ్ణి. నీ మరదలు అడిగితే దానిమీద అరిచాను, అది నిజం చెబుతోందని తెలిసే అరిచాను.

ఎందుకంటావా? నీకు కళ్ళు పోతున్నాయని నేను ఒప్పుకోలేక. ఇంతకన్నా పెద్ద కారణం లేదు. నిన్ను నెలల తరబడి తిట్టాను, వాస్తవం చూడు వాస్తవం చూడు అని. అది నా చేతిలో కవరై పడితే నేను చూడలేదు. పద్దెనిమిదో తారీకు నీ పేరు తీయించింది నేను. ఏసుబాబు నోరు మూయించింది నేను. ఆ నెల రోజులు నీ కంట్లోంచి తీసుకున్నది నేనే అక్కా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అని నువ్వు అనొచ్చు. అను. కోపం ఉంటే ఉంచుకో, నేను తగ్గించమని అడగను.

కర్ర అటక మీదనుంచి దింపించాను. రేపటినుంచి పట్టుకుంటాను. ఇది కూడా ఊరికే అంటున్నాననుకుంటావు కాబట్టి ఫోన్ చేసి కర్ర చప్పుడు వినిపిస్తాను.

నీ తమ్ముడు,
జయ


పర్చూరు,
18 మే

ఒరేయ్ జయా,

నిన్న ఫోన్లో టకటకమని వినిపించావు. "విన్నావా అక్కా, హాల్లోనుంచి వంటింటికి నడిచాను" అన్నావు. అది గరిటెతో బల్లమీద కొట్టిన చప్పుడని నాకు తెలియదనుకున్నావా? కళ్ళు పోతున్నాయిగానీ చెవులు పోలేదురా. మంచంమీద కూర్చుని కొట్టావు. నా మరదలు పక్కన నవ్వు ఆపుకోవటం కూడా విన్నా. నీకు బుద్ధి ఎప్పుడొస్తది? అంత గొప్ప ఉత్తరం రాసి, పదిహేను రోజులు తిరక్కముందే గరిటె!

నేను మాత్రం ఇక్కడ చేయాల్సింది చేశా. ఆఖరి రోజు కల్లంలో అందరూ ఉండగా వెంకటనారాయణ గారిని పిలిచి చెప్పా. "ఆ ఐదు టిక్కీల్లో తాలు కలిపింది నేనయ్యా, షారోన్ కాదు. అందరి ముందూ దాన్ని తిట్టా కాబట్టి అందరి ముందే చెబుతున్నా. వచ్చే ఏడు మేస్త్రి షారోన్" అన్నా. అది "నేను చెయ్యలేనత్తా" అని ఏడుపు. ఏడుస్తానే చేస్తావులే, నేను అట్టాగే మొదలుపెట్టా అన్నా. ఇంటికొచ్చి నేనూ ఏడ్చా. నలభై ఏళ్ళు చూసిన కాయ, ఎర్రదేదో తెల్లదేదో ఇక తెలియదు. ఉండబట్టలేక ఇంకా ఏడుస్తున్నా, నీకు రాయటానికి సిగ్గేముంది?

కోల్డ్ స్టోరేజి పక్కన షెడ్డులో తొడిమలు తీసే పనికి పోతున్నా. దానికి కళ్ళక్కర్లేదు, వేళ్ళకి తెలుసు. కూలీ తక్కువ, పేరు అసలే లేదు. గుడ్డి కన్నా మెల్ల మేలు అనుకున్నా. చుక్కలు వేళకి వేసుకుంటున్నా, కావాలంటే షారోన్‌ని అడుగు. నందివర్ధనం చెట్టు అట్టాగే ఉంది. పూలు చర్చికి ఇస్తున్నా.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే అది కూడా అబద్ధమే. కొంచెం ఉంది, ఉండనీ. నా మీదా అంతే ఉంది.

నువ్వు ఉత్తరం రాయొద్దు. ఫోన్లో చప్పుళ్ళు వినిపించొద్దు. కర్ర పట్టుకుని, నా మరదలి చెయ్యి పట్టుకుని, పర్చూరు బస్సెక్కు. వీధిలో ఎవరేమన్నా అననీ. నేను వచ్చి బస్టాండులో అరటిపళ్ళ బండి దగ్గర నిలబడతా. దిగినాక పక్కనుంచి పిలవొద్దు, నేను అటూ ఇటూ తిరిగి వెతుక్కుంటా. ఎడమవైపునుంచి అసలు రావద్దు, అటు నాకు ఏమీ లేదు.

నిదానంగా, సరిగ్గా నా ఎదురుగా రా.

మీ అక్క
రెబ్కా